స్వీడన్ కాలువలో నేను వేసిన ముడి

నీళ్ల మీద తేలాల్సిన పడవను చొక్కాలాగా గోడకు వేలాడదీసిన మొనగాణ్ణి నేను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సారపాక కాగితం మిల్లులో పనిచేసేవాణ్ణి. కొత్త యంత్రం నేర్చుకోమని నన్నూ, మా సీనియర్ సంజీవన్ననూ స్వీడన్ పంపారు. మేం దిగింది ఓ నది ఒడ్డు ఊళ్లో. అక్కడ జలపాతం కూడా ఊరికే దూకదు. ముందు కరెంటు తీయాలి, మిల్లులు నడపాలి, తర్వాతే దాని సరదా. జలపాతంలో పడవలు దిగలేవు కనుక పక్కన కాలువ తవ్వి, మెట్లమెట్లుగా పెద్ద తొట్లు కట్టారు. పడవ తొట్లోకి రాగానే తలుపులు మూసి నీళ్లు కిందికి వదిలేస్తారు. నీళ్లతోపాటు పడవా కిందికి దిగుతుంది.

మాకు పని నేర్పే లార్స్ ఒక ఆదివారం తన పడవలో షికారుకు తీసుకెళ్లాడు. వాళ్ల అత్తగారు కేకు పళ్లెంతో మధ్యలో కూర్చుంది.

“పడవలు అలవాటేనా?” అన్నాడు లార్స్.

“గోదావరి ఒడ్డువాణ్ణి సార్” అన్నాను. నా అనుభవమంతా టికెట్ కొని కూర్చోవడమే.

తొట్లోకి వెళ్లాక లార్స్ ముందు తాడు తను తీసుకుని, వెనక తాడు నా చేతికిచ్చాడు. గోడ మీది కొక్కేనికి చుట్టి, నీళ్లు దిగేకొద్దీ వదులుతూ ఉండమన్నాడు. అతని ఇంగ్లీషులో నాకు కొక్కెం వరకే అందింది. మా తాత పొగరుబోతు ఎద్దుకు వేసే ముడి బిగించాను.

“ముడి చూసినవా అన్నా?”

“మంచిగనే ఉంది గని, పడవేంది గిట్ల వంగుతుంది?”

“నీళ్లు దిగుతున్నయ్ గద. గట్లనే ఉంటది.”

“ముందు దిగుతుంది ర. మన దిక్కు మీదనే ఉంది.”

“లూజ్, లూజ్” అని లార్స్ ముందునుంచి అరుస్తున్నాడు.

“నో సార్, వెరీ టైట్” అని భరోసా ఇచ్చాను.

ఫ్లాస్కు దొర్లింది. దాని వెనకే సంజీవన్న దొర్లి అత్తగారి కాళ్ల దగ్గర ఆగాడు. గట్టు మీద కెమెరాలు పట్టుకున్నవాళ్లకు ఆశీర్వాదం తీసుకుంటున్నట్టే కనిపించి ఉంటుంది.

“జల్దీ విప్పు ర.”

“రాదే అన్నా. ఎద్దు గుంజినకొద్దీ బిగుస్తది.”

అత్తగారు కేకు కోసే కత్తి తీసుకుని, వెనక్కి పాకి వచ్చి, తాడు కోసేసింది. పడవ దభీమని పడి అందరికీ తలంటు పోసింది. ఏరు దాటాక బోడి మల్లన్న అంటారు. నేను దాటకముందే అయ్యాను.

ఆమె మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది. “అల్లుడి పడవలో ఇన్నాళ్లకు మంచి షికారు దొరికిందంటోంది” అన్నాడు లార్స్, ముఖం తుడుచుకుంటూ.

తర్వాతి ప్రతి తొట్టిలోనూ ఆమె నా రెండు చేతుల్లో రెండు కేకు ముక్కలు పెట్టింది. అదే వాళ్ల మర్యాద కాబోలనుకుని తృప్తిగా తిన్నాను. మర్నాడు క్యాంటీన్లో కూడా రెండు చేతులతో రెండు రొట్టెలు తింటుంటే సంజీవన్న మోచేత్తో పొడిచాడు.

“మర్యాద కాదు ర అది. నువ్వు తాడు ముట్టకుండ పెట్టింది.”

కనుక మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పెళ్లిలో వేసిన మూడు ముళ్లు తప్ప ఈ జన్మలో ఇంకో ముడి వేయను. బూట్లు మానేసి చెప్పులు తొడుగుతున్నది అందుకే.