పెరుమాళ్ళు కాంట్రాక్టు పట్టిన రోడ్డు

ఆ రోజుల్లో ఓటు అంటే మాకు పెళ్ళిపిలుపు లాంటిది. ఎవరు బండి పంపి, చెయ్యి పట్టుకుని ఎక్కించుకుని తీసుకువెళితే వాళ్ళ పేరు చెప్పి రావడమే మర్యాద అనుకునేవాళ్ళం. కోయంబత్తూరుకు ఉత్తరాన, తుడియలూరు వెళ్ళే దారిలో ఉన్న మా తెలుగు పేటను దొరలు కొత్తగా పట్టణపు ఎల్లలో కలిపి, పన్ను కట్టేవాళ్ళంతా చేరి ఒక మెంబరును ఎన్నుకోండి అన్నప్పుడు మా పెద్దవాళ్ళు పొంగిపోయారు గానీ, ఆ మెంబరు కూర్చుని ఏం చేస్తాడో ఒక్కరికీ తెలియదు. నాకు మాత్రం తెలుసనుకున్నాను. అప్పుడప్పుడే మీసం వస్తున్న వయసు (వస్తోందని నేను అనేవాణ్ణి, అద్దం ఒప్పుకునేది కాదు). లోకంలో ఉన్న పదవులన్నీ మా భజన గోష్ఠిలో నేను చేసే పని లాంటివేనని నా నమ్మకం.

నా పని ప్రసాదం పంచడం. ప్రతి శనివారం పెరుమాళ్ళ సన్నిధిలో భజన ముగిశాక పులియోదరై, అదే పులిహోర, పంచే చెయ్యి నాది. దానికొక కట్టుబాటు ఉంది. పంచే చెయ్యి చివర తినాలి. తినబోయే ముందు పాత్రను గోష్ఠి అందరి ఎదుటా బోర్లించి చూపించాలి. ఇంకా ఏమైనా రాలితే, అది కూడా పిల్లలకు వెయ్యాల్సిందే. ఏమీ రాలకపోతే పంచినవాడు తీర్థం పుచ్చుకుని ఇంటికి పోవాలి. నేను చాలా శనివారాలు తీర్థంతోనే తృప్తిపడ్డాను (మా అమ్మ మాత్రం ఈ తృప్తిని నమ్మక, చద్దన్నం మూత పెట్టి ఉంచేది). ఆ బోర్లించిన పాత్రను చూసే, భజన నడిపే మా గోష్ఠి తాత నన్ను పెద్దగోష్ఠిలోకి రానిచ్చాడు. పురాణం చదవడం కూడా నాకే అప్పగించాడు. పేటలో నా మాటకు ఏ కాస్త విలువ ఉన్నా, అది ఆ ఖాళీ పాత్ర సంపాదించి పెట్టిందే.

మెంబరుగా గెలిచినవాడు మా బండ్ల మామ. అమ్మకు తోడబుట్టిన తమ్ముడు. పేటలో సొంత బండ్లు, మంచి కొంగునాటి ఎద్దులు ఉన్నది ఆయనకే. మేము పెరుమాళ్ళ వాళ్ళమే అయినా పళని ఆండవుణ్ణి, ఆ కొండమీది సుబ్రహ్మణ్యస్వామిని, విడిచేవాళ్ళం కాము కనుక, ఏటేటా పేట మొత్తాన్నీ పళనికి తీసుకువెళ్ళేవి ఆ బండ్లే. ఓట్ల రోజున కూడా అవే వచ్చాయి. ఇక ఆయన కాక ఎవరు గెలుస్తారు? మామకు ఒక్కతే కూతురు. మాకు అడగడం, ఇవ్వడం అనే తంతు లేదు, మేనరికం పుట్టుకతోనే ఖాయం. కార్తిక మాసంలో ముహూర్తం కూడా పెట్టేశారు.

మామ పట్టణపు సభలోకి వెళ్ళి మొదట అడిగినది మా పెరుమాళ్ళ వీధికి కంకర రోడ్డు. నల్లరేగడి నేల మాది. వాన పడితే కాలికి అంటిన మట్టి చెప్పును ఉంచుకుని మనిషిని వదిలేది. సభవారు ఒప్పుకున్నారు. చిక్కు తరువాత వచ్చింది. మెంబరైనవాడు కాంట్రాక్టు తీసుకోకూడదని చట్టమట. మామకు తప్ప ఎవరికీ బండ్లు లేవు, మామ చేనులో తప్ప ఎక్కడా కంకర గుంట లేదు. మామ నాలుగు రోజులు అన్నం సహించక తిరిగి, ఐదో రోజు వెలిగిపోతున్న ముఖంతో గుడికి వచ్చి ఓవర్సీరును పిలిపించాడు. ఆ ఓవర్సీరు పట్టణం నుంచి వచ్చే తమిళాయన. బూట్లు వేసుకునేవాడు. అందువల్ల మేమాయన్ను బూట్లయ్య అనేవాళ్ళం.

"కాంట్రాక్టు ఎవరికి రాసేది?" అన్నాడు బూట్లయ్య.

"పెరుమాళ్ళకి రాయింగ," అన్నాడు మామ.

"పెరుమాళ్ నాయుడా?"

"కాదుంగ. పెరుమాళ్ళే." మామ గర్భగుడి వైపు చెయ్యి చూపించాడు. "నా బండ్లా అవి? అన్నీ ఆయనవి. నేను వట్టి తోలేవాణ్ణి."

బూట్లయ్య కలం పట్టుకుని కాసేపు గాలిలో ఉంచాడు. "తండ్రి పేరు?"

"వసుదేవుడు," అన్నాడు గోష్ఠి తాత, ఎవరైనా తప్పు చెబుతారేమోనన్న తొందరతో.

"ఇల్లు?"

"వైకుంఠం. ఇప్పటికి ఈ వీధిలోనే ఉండాడు."

నిజం చెప్పాలి, ఆ సమయంలో నా కళ్ళు చెమర్చాయి. సర్వమూ ఆయనది, మనం కాపలాదారులం అని ప్రతి శనివారం చదివే మాటను ఒక మనిషి పట్టణపు సభ ముందు నిలబెట్టాడే అని! నాకు కాబోయే మామగారు మహాభాగవతుడు. అదే మాట ఆయనతో అంటే, "ఆమాం మాప్పిళ్ళా, నాకే ఇప్పుడు తెలిసె," అన్నాడు వినయంగా (ఆమాం అంటే అవును, మాప్పిళ్ళ అంటే అల్లుడు).

రోడ్డు పడింది. మామ ఇంటి ముందు మొదలైంది. అక్కడ కంకర మోకాలి ఎత్తున పరిచి, నీళ్ళు కొట్టి, దిమ్మిసా వేసి, పెళ్ళిపందిరి నేలలా చేశారు. అక్కడి నుంచి బండ్ల కొట్టానికి, బావిగట్టుకు కూడా ఒక కొమ్మ సాగింది. ఆ తరువాత ఇళ్ళ ముందు మూరెడైంది, జానెడైంది. చివర గుడి దగ్గరికి వచ్చేసరికి పేలాలు చల్లినట్టు చల్లారు. అడిగితే మామ, "ఎద్దులు అలిసిపోయె అప్పా, అవీ ప్రాణులే కదా," అన్నాడు. కార్తికానికి ముందు వచ్చే ఐప్పశి నెల వానలు దిగగానే గుడి ముందు కంకర నేలలోకి దిగిపోయింది. పేటలో గొడవ లేచింది. సభవారు బూట్లయ్యను మళ్ళీ పంపుతూ, వీధివాళ్ళు నమ్మే మనిషి ఒకడు ఆయనతో నడిచి, రోడ్డు సరిగా ఉందో లేదో అందరి ముందూ చెప్పాలన్నారు. వీధివాళ్ళంతా ఒక్క గొంతుతో నా పేరు చెప్పారు. "పాత్ర బోర్లించే పిల్లకాయ. వాడి నోట అబద్ధం రాదు," అని.

ఆ సాయంత్రమే మామ అరటిగెల మోసుకుని మా ఇంటికి వచ్చాడు. "నిన్ను పెట్టినారంట కదా మాప్పిళ్ళా! పెరుమాళ్ళ పని పెరుమాళ్ళ పిల్లే చూసేది. ఎంత పొందిక చూడు." గెల దించి, ముహూర్తం మాట ఎత్తి, మా అమ్మను నవ్వించి వెళ్ళాడు. నాకు ఒక్క పండు గొంతు దిగలేదు. రోడ్డు బాగుందంటే ఏ ముఖంతో శనివారం పాత్ర బోర్లిస్తాను? బాగాలేదంటే పెళ్ళి బోర్లాపడుతుంది.

మరునాడు బావి దగ్గర మామ కూతురు బిందె దించి నన్ను నిలేసింది. గుడికి పోయే దారిలో కంకర మొన తగిలిన కాలి బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది.

"ఏంటికి ఆ ముఖం? పండ్లు పడలేదా?"

"మీ నాయన నన్ను చంపుతా ఉండాడు."

"మా నాయన పక్కన పెట్టు. నువ్వు రోడ్డు బాగుండాదని చెప్పితివంటే, పెళ్ళయి బతుకంతా నేను మీ ఇంటికి ఆ రోడ్డులోనే నీళ్ళు మొయ్యాల. ఈ వేలు చూసినావా? ఇంకా తొమ్మిది ఉండాయి. వాటికి నువ్వే కట్టు కట్టాల, చూసుకో."

"బాగాలేదంటే పెళ్ళే ఉండదు కదా!"

"అప్పుడు వేళ్ళన్నా మిగులుతాయి," అని బిందె ఎత్తుకుని, తడబడకుండా నడవడానికి శతవిధాలా ప్రయత్నిస్తూ వెళ్ళిపోయింది.

నేను నేరుగా గోష్ఠి తాత దగ్గరికి పోయి కూలబడ్డాను. తాత తాళాలకు చింతపండు పట్టించి తోముతున్నాడు. అంతా విని, తాళం ఎత్తి అందులో తన ముఖం చూసుకుంటూ, "నిన్ను ఏంటికి అడిగేది? కాంట్రాక్టరు ఎవరు?" అన్నాడు.

"పెరుమాళ్ళు."

"పిలిచి చూపిస్తే పోయె. ఆయన పని ఆయనే చూసుకునేది."

అలా, బూట్లయ్య వచ్చే ఉదయం పెరుమాళ్ళకు వీధి ఉత్సవం ఏర్పాటైంది. మా పేటలో పల్లకి ముందు బొంగుకు కుడి భుజం పట్టే హక్కు మామ ఇంటిది, తాతల నాటిది. దాన్ని మరొకరికి ఇవ్వడమంటే మీసం గొరిగించుకోవడమే. మామ సంగతి గ్రహించాడో లేదో గానీ, పట్టుపంచె బిగించి, తిరుమణి దిద్దుకుని వచ్చి బొంగు కిందికి భుజం ఇచ్చాడు. స్వామి ఎదుట ఎవరికీ చెప్పులుండవు. మామ ఇంటి ముందు మండపం దాకా పల్లకి నేలమీద దించకూడదు. బూట్లయ్య పక్కన బూట్లతో, నేను తాళాలతో, గోష్ఠి కీర్తనతో బయలుదేరాం.

గుడి గడప దాటగానే మామ కుడికాలు చీలమండ దాకా దిగబడింది. లాగితే ఎడమకాలు దిగబడింది. వెనక పట్టినవాళ్ళు గట్టి చోటు కోసం పక్కకు తిరిగారు. పల్లకి ఈ అంచుకూ ఆ అంచుకూ వంకర్లు తిరుగుతూ సాగింది. "అయ్యో, సర్పగతి! శ్రీరంగంలో స్వామి పల్లకికి సింహగతి, సర్పగతి అని వేసే నడక మన పేటలో పడుతోందే!" అంటూ ఒక ముసలవ్వ హారతి పళ్ళెం పట్టుకుని ఏడ్చింది. ఆమెను చూసి మరికొందరు ఏడ్చారు. గోష్ఠివాళ్ళకు భక్తి పొంగి కీర్తన వేగం పెంచారు. వేగానికి తగ్గట్టు అడుగు వెయ్యాలి కదా, మామ పని మరీ దారుణమైంది. బురద దాటి ఇళ్ళ ముందుకు వచ్చాక, దిమ్మిసా పడని కంకర మొనలు పైకి లేచి ఉన్నాయి. అడుగడుక్కీ మామ నోటి నుంచి "పెరుమాళే!" అని వస్తోంది. జనం "గోవిందా!" అని బదులిస్తున్నారు. అంత హృదయపూర్వకంగా భగవంతుణ్ణి పిలిచిన మనిషిని నేను ఆ ముందూ చూడలేదు, ఆ తరువాతా చూడలేదు.

చివరికి మామ ఇంటి హద్దు వచ్చింది. పల్లకి ఒక్కసారిగా నీటిమీద తెప్పలా నిలకడగా, గంభీరంగా సాగింది. కీర్తన కూడా దానంతట అదే నెమ్మదించింది. అప్పుడు గోష్ఠి తాత, "ఏమప్పా, ఇక్కడికి వచ్చినాక స్వామి నడక మారె?" అని అడిగాడు. అంతమంది తలలూ నేలవైపు వంగాయి. మామ పాదాల నుంచి వచ్చిన ఎర్రటి మరకలు ఆ నున్నని రోడ్డు మీద ముగ్గు చుక్కల్లా కనిపిస్తున్నాయి.

బూట్లయ్య గొంతు సవరించుకుని నావైపు తిరిగాడు. "చెప్పండి తంబీ. రోడ్డు ఎట్లా ఉంది?"

మామ ఇంటి తలుపు సందులోంచి గుడ్డపీలిక చుట్టిన బొటనవేలు ఒకటి కనిపించింది. స్వామిని చూశాను. ఆయన ఎప్పటిలాగే చిరునవ్వుతో ఉన్నాడు. నా కష్టం ఆయనకు కష్టంలా తోచినట్టు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామని ఊపిరి పీల్చుకున్నాను.

"ఉండుంగ," అన్నాడు మామ, బొంగు భుజం మీదే ఉండగా. "వాణ్ణి అడగవద్దు. వాడు నా మాప్పిళ్ళ. నన్నూ అడగవద్దు. నేను మెంబరు. మేమిద్దరమూ చెప్పేదానికి లేదు." చెమట కంట్లోకి దిగుతుంటే తల విదిల్చాడు. "గుడి వాకిలి నుంచీ ఈయన నా భుజమ్మీద కూర్చోని చెప్తానే ఉండాడు. రోడ్డు సరిలేదు, రాసుకోండి. కాంట్రాక్టరే చెప్పినాడని రాసుకోండి."

బూట్లయ్య నవ్వాడు. ముందు తాత, తరువాత మామ, ఆపైన వీధంతా నవ్వింది. ముసలవ్వ మాత్రం, ఇంకోసారి సర్పగతి నడిపించరా అని అడుగుతూనే ఉంది.

మళ్ళీ పని మొదలుపెట్టినప్పుడు మామ గుడి దగ్గర మొదలుపెట్టాడు. తన ఇంటి ముందున్న కంకర అంతా తవ్వించి మోయించాడు. ప్రతి ఇంటి ముందూ ఒకే మందం పడింది. చివరి బండి తన వాకిట్లోకి వచ్చేసరికి అందులో ఏమీ మిగల్లేదు. అప్పుడు ఆయన ఎవరూ చెప్పకుండానే ఎద్దులను విప్పి, కాడి పైకెత్తి, వీధివాళ్ళందరి ఎదుటా బండిని వెనక్కి వంచి చూపించాడు. గుప్పెడు ఇసుక రాలింది. దాన్ని కూడా పక్కింటి ముందు వేయించాడు. నేను గోష్ఠిలో ఎన్ని పాత్రలు బోర్లించానో గానీ, అంత అందంగా ఒక్కటీ బోర్లించలేదు.

కార్తికంలో మా పెళ్ళికి వాన పడింది. పెళ్ళికొడుకు బండి గుడి నుంచి గుర్రంలా పరుగెత్తి వచ్చి, సరిగ్గా మామగారి వాకిట్లో, ఇరుసు దాకా దిగబడింది. మామ పట్టుపంచె ఎగగట్టి, అదే కుడి భుజం చక్రానికి ఆనించి, "పెరుమాళే!" అన్నాడు. "గోవిందా!" అన్నారు పెళ్ళివారు. లోపల పెళ్ళికూతురు తల వంచుకుని ఉండవలసింది పోయి, పడిపడి నవ్వుతోందని మా అమ్మ ఇప్పటికీ చెప్పేది, ఉంటే.

మామ పోయాక ఆ ఇల్లు మాదైంది, ఆ మెంబరు కుర్చీ కూడా నాదే అయింది. సభలో మా వీధి మాట రాగానే, సొంత వీధి సంగతి నేను చెప్పకూడదని లేచి వరండాలోకి వెళ్ళిపోతాను, కీర్తన కూనిరాగం తీస్తూ నిలబడతాను. వీధి చక్కగా ఉంది, మా వాకిలి మాత్రం అలాగే ఉంది. నిన్న వానలో గోష్ఠి నుంచి ఖాళీ పాత్రతో వస్తూ, గడప ముందు మోకాలి దాకా దిగబడ్డాను. మా ఆవిడ దీపం తెచ్చి పైనుంచి కిందికి చూసి, "సర్పగతా, సింహగతా?" అంది. చెయ్యి అందిస్తూ, "రండి, చద్దన్నం మూత పెట్టి ఉండాది," అంది.