మంత్రిగారి లెక్క తేలని రెండేళ్లు

ఆ ఈమెయిల్ రెండుసార్లు చదివాను. అమెరికా నుంచి ఒక పెద్దావిడ రాసింది.

"మా తాతగారు ఆ రెండేళ్లూ సొంత ఊళ్లో ప్లీడరుగా ఉన్నారని మీ పేజీలో చూశాను. మా అమ్మ పుట్టింది అప్పుడే. ఎక్కడ పుట్టిందో ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. ఎనభై దాటింది. మీ పేజీ చదివి వినిపిస్తే ఏడ్చింది. వచ్చే వారం ఆ ఊరు తీసుకెళ్తున్నాను. మీకు ఆ వివరం ఎక్కడ దొరికిందో చెప్పగలరా?"

ఎక్కడా దొరకలేదు. నేనే రాశాను.

అప్పట్లో, 2000 ప్రాంతంలో, సింగపూర్ సైన్స్ పార్క్‌లో ఇంటర్నెట్ కోసం విజ్ఞాన సర్వస్వం తయారుచేసే కంపెనీలో పనిచేసేవాణ్ణి. అంతకుముందు పాతికేళ్లు దినపత్రిక డెస్కు. కొత్త కంపెనీలు పుట్టుకొస్తున్న రోజులు. ఇంగ్లిష్ వాక్యం తిన్నగా రాయగలిగితే చాలు, పిలిచి ఉద్యోగమిచ్చేవారు. నా వంతుకు అమెరికా పాత మంత్రులు వచ్చారు. వాళ్లలో ఒకడైన ఈ పెద్దావిడ తాతగారు బడిపంతులుగా మొదలై, ప్లీడరై, తపాలా శాఖలో అధికారిగా ఎదిగి, 1930ల్లో మంత్రి అయ్యాడు. ప్లీడరు పనికీ తపాలా శాఖకూ మధ్య రెండేళ్లు ఖాళీ. నేను చూసిన ఏ పుస్తకంలోనూ ఆ ముక్క లేదు.

డెస్కులో రెండు పేరాల మధ్య అతుకు వేయడం మాకు అలవాటు. ఎవరికీ హాని లేదనిపించే వాక్యం ఒకటి వేసేవాళ్లం. 'సొంత ఊరికి తిరిగి వెళ్లి ప్లీడరుగా కొనసాగాడు' అని రాసి, కిందికి వెళ్లిపోయాను. పేపరైతే మర్నాటికి పొట్లాలకు పోయేది.

పక్క సీటులో గుంటూరు అమ్మాయి. మా పేజీలు సైట్‌లో పెట్టేది ఆమే. మెయిల్ చూపించాను.

"సోర్స్ ఏదో చెప్పండి అంకుల్, రిప్లై కొట్టేస్తా."

"సోర్స్ లేదమ్మా."

"లేదంటే? ఫైల్లో మిస్సయిందా?"

"నేనే కల్పించాను."

నవ్వబోయి, నా ముఖం చూసి ఆగింది. "మీరా? నిన్న నా పేజీలో ఒక్క తేదీ తప్పు పడిందని అరగంట క్లాసు పీకారు కదా."

"పీకాను."

"సరే, లైన్ తీసేస్తా. పొరపాటైంది, సారీ అని రాసేద్దాం. ఎవరు రాశారో వాళ్లకెందుకు?"

"అలా రాస్తే ఇంకో ఊరేదో ఉందనుకుంటుంది. అసలు ఏ ఊరూ నాకు తెలియదని చెప్పాలి."

ఆమె ఆ వాక్యం తీసేసి, స్క్రీన్ నా వైపు తిప్పి చూపించింది.

ఉన్నదున్నట్టు రాశాను. ఆ వాక్యం నా ఊహ అని, ప్రయాణం మానుకోమని, క్షమించమని. మర్నాడు రెండు ముక్కల్లో జవాబొచ్చింది: "అమ్మ పెట్టె సర్దుకుంది. ఆమెకు చెప్పలేను, వెళ్తున్నాం."

మళ్లీ ఆమె నుంచి ఉత్తరం రాలేదు. నేను తర్వాత ఎన్ని పుస్తకాలు తిరగేసినా, ఆ రెండేళ్లూ మంత్రి ఎక్కడున్నాడో తెలియలేదు.