ముక్కు దాచుకున్న పక్షి

కార్తీక మాసంలో, ఉసిరి కొమ్మ ముందు నిలబడి చేసిన ప్రమాణం ఇది: ఇందులో ప్రతి అక్షరం నిజం. మామూలుగా నా ప్రమాణాలకు మా ధవళేశ్వరంలో పెద్ద గిరాకీ లేదు. దీన్ని వాటిలో కలపకండి.

మా ఆవిడ స్కూల్లో టీచరు. ఏటా కార్తీకంలో ఒక ఆదివారం వాళ్ళ టీచర్లంతా కుటుంబాలతో బస్సు మాట్లాడుకుని సముద్రం ఒడ్డుకు వనభోజనాలకు వెళతారు. వనభోజనమంటే ఉసిరి చెట్టు కింద తినాలి. సముద్రం ఒడ్డున ఉన్నవన్నీ సరుగుడు చెట్లు. అందుకని ఎవరి పెరట్లోనో ఒక ఉసిరి కొమ్మ నరికి, బస్సులో తెచ్చి, ఇసుకలో పాతి, పసుపు రాసి బొట్టు పెడతారు. ఆ కొమ్మ నీడ ఒక విస్తరికి కూడా చాలదు. అయినా పాతిక మందీ చెట్టు కిందే తిన్నట్టు లెక్క. నా మాటల్లో పిసరంత ఎక్కువైతే పట్టుకునే ఈ టీచర్లు కొమ్మ విషయంలో మాత్రం నోరెత్తరు.

పోయిన ఏడాది వంటలు అయ్యేలోగా నేనొక్కణ్ణే ఒడ్డు వెంట మొగ దాకా, అంటే గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటి దాకా, నడిచి వచ్చాను. గరిటె లాంటి ముక్కున్న తెల్లటి పక్షిని చూశానని మా ఆవిడకు చెప్పాను. పాపం, నమ్మింది. సోమవారం స్టాఫ్ రూములో చెప్పింది కూడా. ఆ తరవాత ఏడాది పొడుగునా ఆవిడ క్యారేజీ విప్పినప్పుడల్లా ఎవరో ఒకరు, "ఏంటండీ టీచర్ గారూ, ఇవాళ కొంగ వడ్డించిందా?" అనడమే.

ఈ ఏడు బస్సు ఎక్కగానే మా ఆవిడ నాతో మెల్లగా అంది.

"ఇవాళ ఆ పక్షిని చూపించండి. చూపించకపోతే ఇక మీరేం చెప్పినా నేను ఊఁ కొట్టను."

కథలు చెప్పే అలవాటు లేనివాళ్ళకు ఈ బెదిరింపు బరువు తెలియదు. పెళ్ళయిన దగ్గర నుంచీ ఆవిడ కూరలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ, పరీక్ష పేపర్లు దిద్దుతూ నాకు ఊఁ కొడుతోంది. నమ్మి కొట్టిన ఊఁ ఒక రకం, నమ్మకుండా కొట్టింది ఇంకో రకం. ఏదైనా నాకు సరిపోతుంది. అవతల నుంచి అసలు ఊఁ అన్నదే రాకపోతే నా కథ రెండో వాక్యం దగ్గరే చచ్చిపోతుంది.

కాబట్టి గట్టిగా నిశ్చయించుకున్నాను. ఆ రోజు నోట అబద్ధం రాకూడదు, పక్షి కనబడకుండా వెనక్కి రాకూడదు. ఉసిరి కొమ్మ పాతిన వెంటనే ఇద్దరం బయలుదేరాం. "తొందరగా వచ్చేయండి, ఆకులు వేసేస్తాం," అని హెడ్మిస్ట్రెస్ గారు కేకేశారు.

అల వెనక్కి పోగానే ఉల్లంకి పిట్టలు దాని వెంట పరిగెత్తి ఇసుకలో ముక్కు పొడుస్తున్నాయి. మళ్ళీ అల రాగానే కాళ్ళు తడవకుండా వెనక్కి. పైన గరుడ పక్షి ఒకటి రెక్క కదపకుండా తిరుగుతోంది. సరుగుడు తోట అంచున తూనీగలు, ఒకటీ రెండూ కాదు, గాలి నిండా.

"ఇవి ఈ సముద్రాలు దాటి ఆఫ్రికా దాకా పోతాయి," అన్నాను.

"చూడండి, అప్పుడే మొదలెట్టారు!"

"నిజమేనే బాబూ! చదివాను."

"ఆ రెక్కలేసుకుని? మరి టిఫిన్‌కి ఎక్కడ ఆగుతాయంట?"

నిజం నా నోట్లోంచి వస్తే దాని గతి అంతే. ఇక మాట్లాడటం మానేసి, కనబడినదల్లా వేలితో చూపిస్తూ నడిచాను.

మొగ దగ్గర నీళ్ళ మధ్య ఇసుక దిబ్బ మీద కొంగలు ఉన్నాయి. వాటికి కాస్త ఎడంగా ఒక తెల్ల పక్షి ఒంటికాలి మీద నిలబడి, మెడ వెనక్కి తిప్పి, ముక్కు వీపు ఈకల్లో దాచుకుని నిద్రపోతోంది.

"అదే," అన్నాను.

"ముక్కేదీ?"

"దాచుకుంది."

"ఎంత వీలుగా దాచుకుందండీ!"

"అది ముక్కు తీసేదాకా ఇక్కణ్ణుంచి కదిలేది లేదు," అని ఇసుకలో కూర్చున్నాను. ఆవిడా చెంగు నెత్తిన కప్పుకుని పక్కనే కూర్చుంది.

ఎండ నెత్తికెక్కింది. పక్షి కదల్లేదు. హెడ్మిస్ట్రెస్ గారు ఫోన్ చేశారు. "ఎక్కడున్నారండీ? కందాబచ్చలి చల్లారిపోతోంది!"

"మీరు కానిచ్చేయండి మేడమ్. మా కొంగ ఇంకా లేవలేదు," అంది మా ఆవిడ. అవతల పాతిక మందీ నవ్వడం నాకూ వినబడింది. ఆవిడ ఫోన్ పెట్టేసి, "చప్పట్లు కొట్టనా?" అంది.

"వద్దొద్దు, ఎగిరిపోతుంది."

"ఎగిరితే ముక్కు కనబడుతుంది కదండీ."

"నిద్రపోయే ప్రాణిని లేపకూడదు."

ఆవిడ నా వంక అదోలా చూసింది. ఈలోగా పోటు మొదలైంది. నీళ్ళు మా చెప్పులు తడిపి, ఆవిడ చీర కుచ్చిళ్ళు తడిపి, చివరికి పక్షి కాలి మీదికి వచ్చాయి. అది రెండో కాలు దించింది. మెడ సాచింది. నల్లటి పొడుగాటి ముక్కు, చివర పసుపుగా, గుండ్రంగా, బల్లపరుపుగా, అచ్చం గరిటె! నీళ్ళల్లో దించి, సాంబారు గుండిగ కలిపినట్టు ఇటూ అటూ తిప్పడం మొదలెట్టింది. మా ఆవిడ నా చేయి గట్టిగా పట్టుకుంది.

ఫోన్‌తో ఫొటో తీసింది. సముద్రం బాగా పడింది. పక్షి ఉన్న చోట తెల్లటి చుక్క.

తిరిగి వచ్చేసరికి మజ్జిగ దాకా వచ్చారు. ఆవిడ చెప్పింది, ఫొటో చూపించింది. లెక్కల మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, "ఇన్నేళ్ళ కాపురం కదండీ, మీకూ అబ్బింది," అన్నారు. మళ్ళీ అందరూ ఘొల్లుమన్నారు.

మా ఆవిడ గిన్నెలోంచి గరిటె తీసి ఎత్తి పట్టుకుంది. "ఇదిగో, ఇంత ముక్కు. వచ్చే ఆదివారం నేను మళ్ళీ వస్తున్నాను. నవ్వినవాళ్ళు నాతో రండి. రానివాళ్ళు ఇక నవ్వకూడదు." అందరూ మజ్జిగన్నం మీదికి తలలు వంచేశారు. పెరట్లోంచి ఉసిరి కొమ్మతో పాటు బస్సెక్కి వచ్చిన ఆకుపచ్చ గొల్లభామ ఒకటి మాత్రం చేతులు జోడించుకుని ఆవిడ వంకే చూస్తోంది.

తిరుగు బస్సులో నేను మెల్లగా మొదలెట్టాను. "నువ్వు ఫోన్ తీస్తుంటే ఆ పక్షి నా వైపు తిరిగి తల ఊపింది, తెలుసా?"

కిటికీలోంచి బయటికి చూస్తూనే ఆవిడ, "ఊఁ," అంది.

ప్రమాణం చేశాను కాబట్టి ఇది కూడా రాయక తప్పదు. పోయిన ఏడాది ఆ పక్షిని చూశానన్నది కల్పన. పులిహోర వడ్డిస్తున్న గరిటెను చూసి అక్కడికక్కడే అల్లాను. అలాంటి పక్షి ఒకటి లోకంలో ఉందని నాకే తెలియదు. ఈ ఏడు దిబ్బ మీద అన్ని కొంగలుండగా నేను ఆ ఒక్కదాన్నే చూపించింది, దాని ముక్కు కనబడటం లేదు కనకే. పట్టుదలగా కూర్చున్నది ఆవిడ. నేను లేచే దారి దొరక్క కూర్చున్నాను. ఇక అది మెడ సాచినప్పుడు ఆవిడ నా చేయి పట్టుకుందని రాశాను కదా, అదీ నిజం కాదు. పట్టుకున్నది నేను.