నర్సునని రాయించుకోవడానికి సంగారెడ్డికి రెండుసార్లు

నర్సింగ్ డిప్లొమా పూర్తి చేసి తొమ్మిదేళ్లయింది. అప్పటినుంచీ ఇస్నాపూర్ దగ్గర ఒక మందుల కంపెనీలో, ఫస్ట్ ఎయిడ్ గదిలో పనిచేస్తున్నాను. యాసిడ్ పడ్డ చేతులు కడిగాను. గ్యాస్ పీల్చి పడిపోయినవాళ్లకు ఆక్సిజన్ పెట్టాను. అంబులెన్సులో వాళ్ల పక్కన కూర్చొని పటాన్‌చెరు దాకా వెళ్లాను. పోయిన ఏడు బీరంగూడలో ఒక ఆసుపత్రికి ఉద్యోగం అడగడానికి వెళ్తే, బీఎస్సీ ఉంటేనే ఐసీయూ అన్నారు. అందుకని ముప్పై రెండేళ్ల వయసులో, డిప్లొమా నర్సులు డిగ్రీ చేసే రెండేళ్ల కోర్సుకు పరీక్ష రాశాను. సంగారెడ్డిలో ఒక కాలేజీలో సీటు వచ్చింది, కాగితాలు ఇస్తేనే అది ఖాయం. ఈ దారిన వచ్చే నర్సులకు పనికొస్తుందని, కాగితాలు ఇవ్వడానికి వెళ్లిన రోజు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అది ఆఖరి రోజు. సాయంత్రం నాలుగింటికి కౌంటర్ మూసేస్తారు. ఆఖరి రోజు దాకా ఆగింది నా బద్ధకం వల్ల కాదు. అనుభవ పత్రం ఇవ్వడానికి కంపెనీ ఎనిమిది రోజులు తిప్పింది. ముందురోజు సాయంత్రం చేతిలో పెట్టారు. పేరు సరిగ్గా ఉందా, ముద్ర ఉందా అని మాత్రం చూసి ఫైల్లో పెట్టుకున్నాను.

ఉదయం 7:20కి చిట్కుల్‌లో షేర్ ఆటో ఎక్కాను. ఇస్నాపూర్ చౌరస్తాకు ఇరవై రూపాయలు. అక్కడ రెండు ఇడ్లీలు తినేలోపు 8:05కి సంగారెడ్డి బస్సు వచ్చింది. కండక్టర్ ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ ఇచ్చాడు. రుద్రారంలో కాలేజీ పిల్లలు దిగాక సీటు దొరికింది. పక్కన ఒక పెద్దామె, కొండాపూర్ మండలంలోని తమ ఊరికి వెళ్తోంది.

"ఫైలు వట్టుకొని ఏడికి బిడ్డా?"

"నర్సు చదువుకు, అవ్వా."

"ఏం పని చేస్తున్నవ్ ఇప్పుడు?"

"నర్సునే."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "నర్సు పని చేసుకుంట మళ్ల నర్సు సదువేంది?"

నాకు నవ్వొచ్చింది.

8:55కి సంగారెడ్డి బస్టాండు. కాలేజీ కౌంటర్ పదింటికి తెరిచారు. నా ముందు పద్నాలుగు మంది. దాదాపు అందరూ నాలాంటివాళ్లే, డ్యూటీ దిగి నిద్ర లేకుండా వచ్చినవాళ్లు. 10:50కి నా వంతు వచ్చింది. గుమాస్తా నడివయసు ఆవిడ. కాగితాలన్నీ తిరగేసి అనుభవ పత్రం దగ్గర ఆగింది.

"అమ్మా, మీరు నర్సుగ చేసిండ్రా, అటెండెంట్‌గనా?"

"నర్సునే మేడమ్."

"దీంట్ల ఫస్ట్ ఎయిడ్ అటెండెంట్ అని రాసిండ్రు. డిప్లొమా అయినంక తొమ్మిదేండ్లు నర్సు పని చేసినట్టు ఏదమ్మా? గిది నడువదు."

నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చూపించాను. అది నర్సునని చెప్తుంది గానీ నర్సుగా పనిచేశానని చెప్పదని ఆమె అంది. అందులో తప్పులేదు. "నాలుగు లోపల సరిజేపిచ్చుకొని రాండ్రి" అని కాగితం వెనక్కి ఇచ్చింది.

11:25కి ఇస్నాపూర్ బస్సు. దారంతా నిలబడే ఉన్నాను. ఏడుపు రాలేదు. మొదట ఆ గుమాస్తా మీద కోపమొచ్చింది. కంది దాటేసరికి కంపెనీ మీదికి మళ్లింది. తర్వాత నా మీద నాకే వచ్చింది. తొమ్మిదేళ్లు నా జీతం కాగితం మీద ఏ పోస్టు రాసుందో చదవని మనిషిని నేనేనా?

12:20కి కంపెనీ గేటు.

"నర్సమ్మా, ఇయ్యాల సెలవు వెట్టినవ్ గద" అన్నాడు కాపలా అతను.

హెచ్.ఆర్. సారు భోజనానికి వెళ్లాడన్నారు. ఫస్ట్ ఎయిడ్ గదిలో కవిత ఉంది. నిరుడు చేరిన పిల్ల, నాలాగే డిప్లొమా. ఒక ఒడిశా కార్మికుడి వేలికి కట్టు కడుతోంది. విషయం చెప్పగానే ఆమె ముఖం వాడిపోయింది. బీరువాలోంచి ప్రమాదాల రిజిస్టర్లు మూడు తీసుకున్నాను. ప్రతి పేజీ చివర నా సంతకం, దాని కింద కంపెనీ వాళ్లే చేయించి ఇచ్చిన రబ్బరు ముద్ర: స్టాఫ్ నర్స్.

1:35కి సారు వచ్చాడు.

"అదంతా పేపర్ వర్క్ సిస్టర్. మీ పోస్టు అటెండెంట్ గ్రేడ్‌లో ఉంది. నేనేం చేయగలను?"

రిజిస్టర్లు ఆయన బల్ల మీద తెరిచి పెట్టాను. "మరి గీ ముద్ర ఏంది సార్?"

"అది ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్షన్ కోసం. అక్కడ నర్సు ఉన్నట్టు చూపించాలి."

"ఇన్‌స్పెక్టర్ వస్తే నర్సును. జీతం ఇచ్చేటప్పుడు, కాగితం రాసేటప్పుడు అటెండెంట్‌ను. గంతేనా సార్?"

"గొంతు తగ్గించండి."

తగ్గించాను. "నేను మళ్ల సంగారెడ్డి పోవాలె. ఇన్‌స్పెక్టర్ ఆఫీసు ఆడనే ఉన్నది. మీరు ఇన్నేండ్లు చూపిచ్చిన నర్సు ఎవరో అడిగి పోత."

ఆయన రిజిస్టర్లు మూసి నా వైపు తోశాడు. కంప్యూటర్ వైపు తిరిగాడు. 2:20కి కొత్త కాగితం చేతికొచ్చింది. ఈసారి ఆయన ముందే కూర్చొని, వేలు పెట్టి, ఒక్కో మాటా చదువుకున్నాను. స్టాఫ్ నర్స్ అని ఉంది. క్షమించమని ఆయన అనలేదు. నేనూ థాంక్స్ చెప్పలేదు.

2:50కి బస్సు దొరికింది. లక్డారం దగ్గర ఒక ట్యాంకర్ రోడ్డుకు అడ్డంగా తిరుగుతూ పన్నెండు నిమిషాలు తినేసింది. డ్రైవర్ దిగి చూసొచ్చాడు, జనం ఫోన్లు చూసుకున్నారు, నేను గడియారం చూశాను. 3:40కి బస్టాండు. ఆటోవాడు యాభై అడిగాడు, బేరమాడకుండా ఎక్కాను. 3:52కి కౌంటర్ ముందున్నాను.

గుమాస్తా చదివి ముద్ర వేసింది. "పొద్దుగాలనే గిట్ల తెస్తే ఇంత పరేషాన్ ఉండకపోవు గదమ్మా" అంది. ఆమె మంచిగానే అంది. రసీదు తీసుకొని బయటికి వచ్చేశాను.

బస్టాండు ఎదురుగా ఒక ప్లేటు పూరీ తిని, 4:35కి ఇంటిదారి బస్సు ఎక్కాను. కిటికీ పక్క సీటు. చదువులో చేరానన్న సంతోషం వస్తుందేమోనని చూశాను, రాలేదు. సీటు ఖాయమైంది, కోపం పోలేదు. పోవాలని కూడా నాకు అనిపించలేదు. నాకు తెలియని పాఠాలు కాలేజీలో చాలా ఉంటాయి, నేర్చుకుంటాను. కానీ తెలిసిన పనిని తెలియదని రాసి, ఆ లెక్కన తొమ్మిదేళ్లు తక్కువ జీతమిచ్చినవాళ్లను ఏ పరీక్షలో కూర్చోబెట్టాలి? నా వెనక వచ్చేవాళ్లకు ఒక్కటే చెప్తాను. మీ కాగితాన్ని ఆఫీసులోనే నిలబడి, చివరి అక్షరం దాకా చదవండి.

రుద్రారం దాటుతుండగా కవిత ఫోన్ చేసింది.

"అక్కా, సీటు?"

"వచ్చింది."

"మంచిగైంది. సారు మనిషిని పంపి మన నర్సు ముద్ర తీసుకపోయిండక్కా. ఇగ నుంచి ఉత్త సంతకమే వెట్టాలంట."

బస్సు మోత. ఫోన్ చెవికి అదుముకున్నాను.

"నీ దగ్గర పెన్నున్నదా?"

"ఉన్నది."

"సంతకం కింద నీ చేత్తోనే రాయి. స్టాఫ్ నర్స్ అని. దాని కింద నీ రిజిస్ట్రేషన్ నంబర్. ప్రతి పేజీల, రోజూ రాయి."

"సారు అడిగితే?"

"రేపు పొద్దుగాల షిఫ్టు నాది. నన్ను అడగుమను."