ఊరికే ఇచ్చిన గది

మొన్న పక్కింటి తలుపులకు రంగులు వేస్తుంటే గాలిలో వచ్చిన అవిసె నూనె వాసన నన్ను చిలకలూరిపేట దగ్గరి మా పాత ఇంట్లోకి, మిరపకాయల గదిలోకి లాక్కెళ్లింది. పంట వచ్చేదాకా ఖాళీగా ఉండే ఆ గదిలో, గోడల్లో ఇంకిన ఘాటుకు తుమ్ముతూ, తుమ్మినవాళ్లు దొరికిపోయినట్టేనని నవ్వుకుంటూ, ఆడపిల్లలం దొంగాటలాడేవాళ్లం. ఒక శ్రావణంలో, పెరట్లో గేదెలకు పత్తిగింజలు రుబ్బుతున్న వేళ, వీరాస్వామిగారు భార్య రత్తమ్మతో మా గుమ్మంలోకి వచ్చాడు.

ఆయన నాటకాల తెరలు రాసే చిత్రకారుడు. తెర పరుచుకునేంత గది చవకగా అద్దెకు కావాలి. రంగుల కంపు భరించలేమని కొందరు, ‘మీరెవరాళ్లు?’ అని ఆరా తీసి కొందరు, ఊళ్లో ఎవరూ ఇవ్వలేదు. మా నాన్న కులం మీదా దేవుడి మీదా సభల్లో నిప్పులు చెరిగే మనిషి. ఆ మాట వింటూనే మిరపకాయల గది తెరిపించాడు.

“కళాకారుడి దగ్గర అద్దేంటండీ! ఊరికే ఉండండి.”

“ఎంతో కొంత తీసుకోండి బాబుగారూ, నాకూ ధైర్యంగా ఉంటది,” అని ఆయన బతిమాలాడు. నాన్న నవ్వేశాడు. గర్వంతో నా కాళ్లు నేల ఆనలేదు.

ఇక చూడండి మా సంబరం. అట్లతద్దికి ఉయ్యాల పలక మీద చిలకలు, ఎడ్లబండికి పువ్వులు, నా పుస్తకాల పెట్టె మీద నెమలి, నాయనమ్మ దేవుడి గూటికి పసుపూ ఎరుపూ. చివరికి నాన్న సభ కోసం ‘మనుషులంతా సమానం’ అన్న గుడ్డ కూడా ఆయన చేతే రాయించుకున్నాం. సొంత తెర పని పక్కనపెట్టి ఆయన లేచినప్పుడల్లా నాయనమ్మ, “ఊరికే ఉంటున్నావుగా వీరాస్వామీ, ఆ కిటికీ కూడా లాగించెయ్యరాదూ!” అనేది. ఊరికే అంటే అద్దె లేకుండా అనీ, పనీపాటా లేకుండా అనీ కూడా అర్థమేనని మా నాయనమ్మకు బాగా తెలుసు.

మాఘంలో కళ్లాల నిండా ఎర్రగా ఎండిన కాయలు బస్తాలకెక్కాయి. గదిలో ఒక నాటక సమాజానికి రాసిన తెర ఇంకా తడిగా ఉంది. రాజుగారి ఉద్యానవనం, దాని మీద నీలాకాశం. పాలేర్లు బస్తాలు తెచ్చి దబదబా పడేశారు. లేచిన కారం ధూళంతా ఆ తడి ఆకాశానికి అంటుకుంది. సమాజంవాళ్లు తెర వద్దనేశారు. రత్తమ్మ కళ్లు తుడుచుకుంటుంటే ఘాటు అనుకున్నాం.

వారం తిరక్కుండానే వాళ్లు సామాను సర్దుకున్నారు. దూదేకుల వీధిలో పరుపులు కుట్టే బీబమ్మ తన పాకలో సగం అద్దెకిచ్చింది. నాన్న నొచ్చుకున్నాడు.

“నేనేం తక్కువ చేశానండీ?”

“తక్కువేం లేదు బాబుగారూ. అద్దె కట్టేవాణ్ణయితే, తెర ఆరిందాకా ఆగండయ్యా అని ఒక కేకన్నా వేసేవాణ్ణి. ఊరికే ఉన్నోణ్ణి, ఏ నోటితో అడగనండీ?”

ఉగాది దాటాక, మళ్లీ సభ ఉంది, గుడ్డ రాయాలని కబురు పెడితే వీరాస్వామిగారు వచ్చాడు. అంతకుముందెప్పుడూ మా అరుగు మెట్టు దాటి కూర్చోని మనిషి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఈ నెల తీరదండి,” అన్నాడు.

ఇప్పుడు మిరపకాయలు కోల్డ్ స్టోరేజీలకు పోతున్నాయి. కళ్లాలు ఇళ్లస్థలాలయ్యాయి. చేత్తో రాసిన తెరల ముందు నాటకమాడేవాళ్లు లేరు. దేవుణ్ణి శంకించడం నేర్పిన మా ఇల్లు తన మంచితనాన్ని శంకించడం మాత్రం నేర్పలేదు. ఊరికి వెళ్తే పెద్దవాళ్లు ఇప్పటికీ, “మీ నాన్నగారు ఎంత గొప్పోరమ్మా, ఆ బొమ్మలాయన్ని దమ్మిడీ తీసుకోకుండా ఇంట్లో పెట్టుకున్నారు,” అంటారు. అది కాదండీ అని నేను మొదలుపెడతాను. వాళ్లు అప్పటికే మా నాన్నకు దణ్ణం పెట్టేస్తుంటారు.