తల ఊపుతూ అడిగిన ప్రశ్న

సర్వే ఆఫీసులో అందరూ ఆమెను పెద్దక్క అనేవారు. సబ్బుల మొదలు టీకాల దాకా ఇంటింటికీ తిరిగి అడిగిన మనిషి. ఈసారి అడగాల్సింది కాలేజీ వయసు వాళ్లను. కండోమ్ మీద మీ అభిప్రాయమేమిటి, ఇకముందు వాడతారా, అవతలి మనిషి వద్దంటే ఏం చేస్తారు? నోరు తడబడకుండా అడగగలిగేది తానొక్కతేనని ఆమె ధీమా.

ఆ ధీమాకు గండి కొట్టింది కొత్తగా చేరిన అమ్మాయి. బక్కగా ఉంటుందని పిట్ట అనేవారు. పిట్ట ప్రశ్నలడిగే గదిలోంచి నవ్వులు వినిపించేవి. కుర్రకారు పిట్టను అక్కా అనేవారు, పెద్దక్కను ఆంటీ అనేవారు. అక్కడే ఆమెకు కడుపు మండేది. తర్వాతి విడతకు ఒక్కరినే ఉంచుతామని ఇన్‌చార్జి చెప్పాక ఇక నిద్ర పట్టలేదు.

"నాకు అందరూ వాడతామనే చెప్పారు సార్. దానికేమో సగంమంది చూద్దాంలే అంటున్నారు. అది సరిగా అడగట్లేదు," అంది ఇన్‌చార్జితో, పిట్ట ముందే.

"ఏదీ, నన్ను అడగండి. వాళ్లను అడిగినట్టే."

"మిమ్మల్నా సార్?"

"నన్నే. సిగ్గుపడాల్సింది నేను, మీరు కాదు. కానివ్వండి."

ఆమె గొంతు సవరించుకుని అడిగింది. పిట్ట కిసుక్కున నవ్వింది.

"అక్కా, అడుగుతూనే తల ఊపుతున్నారు. మా అమ్మ మాత్ర వేసుకున్నావా అన్నట్టుంది. వేసుకోకపోయినా వేసుకున్నాననే అంటాను."

ఇన్‌చార్జి నవ్వలేదు. అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడే ఈ విడతకు చివరి రోజు. నర్సింగ్ చదివే అమ్మాయి ఎదుట ఆమె తల ఊగకుండా మెడ బిగించుకుని కూర్చుంది. ప్రశ్న విని ఆ పిల్ల ఆమె ముఖంలో జవాబు వెతికింది. దొరకలేదు.

"వాడాలనే ఉంటుంది ఆంటీ. అడిగితే నామీద అనుమానమా అంటాడు. అందుకే అడగను."

తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది. పెద్దక్క మింగేసి, ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టే రాసుకుంది.

అయినా ఇన్‌చార్జి పిట్టనే ఉంచుకున్నాడు. "చివరి రోజు జవాబులు బాగున్నాయి, పెద్దక్కా. ముందువన్నీ తీసేయాల్సి వచ్చింది," అన్నాడు.

ఆమె బ్యాగు సర్దుకుంటుంటే పిట్ట పక్కకొచ్చి నిలబడింది.

"నాతో నవ్వుతారు గానీ, తమ గొడవ ఎవరూ చెప్పరక్కా. చివరి రోజు మీతో ఎలా చెప్పారు?"

అడిగాక తల ఊపకుండా, నవ్వకుండా కాసేపు ఆగి చూడమని చెబితే సరిపోయేది. చెప్పబుద్ధి కాలేదు.

"ఏమోనమ్మా, ఆంటీని కదా," అంది, బ్యాగు జిప్పు లాగుతూ.