మెయిల్‌బాక్స్ తాళం

ఎనభైల మొదట్లో, అమెరికాలో తెలుగు మాట వినబడటమే అపురూపమైన రోజుల్లో, షికాగో స్టేషన్‌లో బెంచీ మీద ఒకావిడ కనిపించారు. కోటు కింద చీర కుచ్చిళ్ళు మంచుకి తడిసి ఉన్నాయి. పలకరిస్తే తెలుగావిడే. అప్పుడే కౌంటర్‌లో తీసుకున్న టికెట్ చేతిలో ఉంది.

"అంత లైన్‌లో ఎందుకు నిలబడ్డారండీ? ఫోన్‌లో బుక్ చేస్తే టికెట్ పోస్ట్‌లో ఇంటికే పంపిస్తారుగా! మాకలాగే వస్తుంది," అన్నాను, నాకేదో తెలిసినట్టు.

"తెలుసండీ. మెయిల్‌బాక్స్ తాళం ఆయన దగ్గరుంటుంది," అన్నారావిడ.

ఫ్లాస్కులో కాఫీ ఉంటే మూతలో పోసిచ్చాను. రెండు చేతులతో పట్టుకుని తాగారు.

ఇంతలో ఆవిడ ఎక్కాల్సిన ట్రైన్ అనౌన్స్ చేశారు. చిన్న సూట్‌కేసు అందుకుని, "వెళ్ళొస్తానండీ," అన్నారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "పొద్దున ఇంట్లో ఎవరితోనూ ఆ మాట అనకుండా వచ్చేశాను. మీతోనైనా అన్నాను."

"వెళ్ళి రండి," అన్నాను. ఎక్కడికని అడగలేదు.

షికాగో శివారు అరోరాలో మా అపార్ట్‌మెంట్‌కి తిరిగొచ్చాక, కోటైనా విప్పకుండా మా మెయిల్‌బాక్స్ తాళం కోసం సొరుగులన్నీ వెతికాను. చీకటిపడ్డాక మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, కీచెయిన్ టేబుల్ మీద పడేశారు. తాళం దానికే ఉంది.